బ్యాటరీని తిట్టే ముందు మీ డ్యాష్‌క్యామ్‌ని అడగండి

ఫోన్ల సైట్‌లో కారు గోల ఏంటి అనుకోకండి. ఈ గోలలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టే ఇక్కడ రాస్తున్నా. 2023లో ఇదే సైట్‌లో ఒక డ్యాష్‌క్యామ్ రివ్యూ రాశాను. పార్కింగ్ మోడ్ అదిరిందని, రాత్రంతా కాపలా కాస్తుందని చెప్పి 5కి 4 మార్కులు వేశాను. వీడియో క్వాలిటీ చూశాను, రాత్రిపూట నంబర్ ప్లేట్ కనపడుతోందా లేదా చూశాను, యాప్ ఎన్నిసార్లు క్రాష్ అయిందో లెక్కపెట్టాను. కారు ఆఫ్‌లో ఉన్నప్పుడు అది ఎంత కరెంటు లాగుతోందో మాత్రం చూడలేదు. అదే ఫోన్ రివ్యూ అయితే రాత్రి 100 శాతం పెట్టి పడుకుని, పొద్దున్నే 97 ఉందా 92 ఉందా అని చూసి, స్టాండ్‌బై డ్రెయిన్ గురించి ఒక పేరా నిండా తిట్టేవాణ్ణి. కారులో పెట్టే వస్తువుకి ఆ మాత్రం పని కూడా చెయ్యలేదు. దాని బిల్లు ఎవరు కట్టారో చెప్తాను.

మాది కండ్లకోయ. మేడ్చల్ హైవే పక్కన, ఓఆర్‌ఆర్ జంక్షన్‌కి దగ్గర్లో అపార్ట్‌మెంట్. ఆక్సిజన్ పార్క్ తెలిసినవాళ్ళకి మా ఏరియా తెలిసినట్టే. ఆఫీసు గచ్చిబౌలి వైపు. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకి వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. 2022 ఆగస్టులో 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు అనవసరం, కారు తప్పేమీ లేదు. 35 ఏహెచ్ బ్యాటరీ. గురువారం సాయంత్రం సెల్లార్‌లో పెడితే మళ్ళీ మంగళవారం పొద్దున్నే తీసేది. ఈ గురువారం, మంగళవారం సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొన్న కొత్తలో ఉత్సాహం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. మొదటి రెండు నెలల్లోనే పాత మ్యూజిక్ సిస్టమ్ పీకించి 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో వేయించాను. తర్వాత కారు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఓబీడీ ట్రాకర్ తగిలించాను. రివ్యూకి వచ్చిన డ్యాష్‌క్యామ్ కూడా తర్వాత అందులోకే చేరింది, హార్డ్‌వైర్ కిట్‌తో సహా. స్టీరియో వేసిన అబ్బాయి అడిగాడు, "అన్నా, కీ తిప్పగానే రెండు సెకన్లలో ఆన్ అవ్వాల్నా, ముప్పై సెకన్లు బూట్ అయినా ఓకేనా?" రెండు సెకన్లే కావాలన్నాను. ఎవరైనా అదే అంటారు. ఆ రెండు సెకన్ల కోసం వాడు ఏం చేశాడో తెలుసుకోడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

2022 డిసెంబర్‌లో మొదటి బ్యాటరీ పోయింది. కారుతో వచ్చిన ఒరిజినల్, మూడేళ్ళు దాటింది, పోతే పోయిందిలే అనుకుని కొత్తది వేయించాను. 2023 సెప్టెంబర్‌లో అది మొరాయించింది. కీ తిప్పితే టిక్ టిక్ టిక్, అంతే. వారంటీలో ఉంది కాబట్టి అక్టోబర్‌లో కొత్తది ఇచ్చారు, ఒక్క మాట అనకుండా. 2024 మార్చిలో మూడోది కూడా పడుకుంది. ఈసారి మాత్రం డీప్ డిశ్చార్జ్ వల్ల పాడైంది, వారంటీ వర్తించదన్నారు. అప్పుడు ఆ షాపతన్ని మనసులో బాగానే తిట్టుకున్నాను. ఇప్పుడైతే తిట్టను. రెండో క్లెయిమ్ దగ్గర అతను చెప్పింది అక్షరాలా నిజం. డీప్ డిశ్చార్జ్ అయింది. ఎందుకు అయింది అన్నదే అతనూ అడగలేదు, నేనూ అడగలేదు.

సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టి, టెస్టర్ తగిలించి, గుడ్ అని స్లిప్ ప్రింట్ తీసి చేతిలో పెట్టారు. ఆల్టర్నేటర్ కూడా చూశారు, ఇంజిన్ ఆన్‌లో 14.1 వోల్టులు వస్తోంది, బాగుంది. టెర్మినల్స్ మీద తెల్లగా పేరుకున్నదాన్ని వేడినీళ్ళు, వంటసోడా వేసి కడిగి వాజెలిన్ రాశారు. ఇవన్నీ చెయ్యాల్సినవే, తప్పు పట్టను. కానీ బండిని లాక్ చేసి, అరగంట ఆగి, పడుకున్న బండి ఎంత కరెంటు లాగుతోందో ఎవరూ కొలవలేదు. కొలవాలంటే గంట పడుతుంది. ఆ గంటకి లేబర్ ఛార్జీల పట్టికలో లైన్ లేదు.

ఈ లోపు మా అమ్మ ఒక విషయం కనిపెట్టింది. "ఇది ఎప్పుడు చూసినా మంగళవారమే ఆగిపోతుంది రా, గమనించావా?" అంది. దిష్టి తీసింది, ముందు బంపర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. నేను నవ్వాను. ఈసీఈ చదివి జావా రాసుకుంటున్న నాకంటే డేటా ఆవిడ దగ్గరే ఉంది. మంగళవారం అన్నది కరెక్టు. కారణం మాత్రం ఆకాశంలో గ్రహాల్లో లేదు, గురువారం రాత్రి నుంచి మంగళవారం పొద్దుటిదాకా కదలకుండా నిలబడిన బండిలో ఉంది. బగ్ రిపోర్ట్‌లో రిప్రొడక్షన్ స్టెప్స్ అంత స్పష్టంగా రాసిచ్చినా చదవని డెవలపర్‌ని నేను.

ఇక అసలు రోజు. 2024 మే. చెల్లికి ఎంసెట్. పేరు ఈఏపీసెట్ అని మారినా మా ఇంట్లో అది ఎంసెట్టే. సెంటర్ ఘట్‌కేసర్ వైపు పడింది. పొద్దున్న 9 గంటల సెషన్. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, ఆ నిబంధన ఏంటో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ప్రతి ఏడాదీ గేటు బయట ఏడుస్తున్న ఒక పిల్లో పిల్లాడో టీవీలో కనిపిస్తారు. కండ్లకోయ నుంచి ఓఆర్‌ఆర్ ఎక్కితే శామీర్‌పేట, కీసర దాటి ఘట్‌కేసర్‌లో దిగడమే, పెద్ద పనేం కాదు. ఆ వారం నేను సెలవు పెట్టాను. అంటే బండి కదల్లేదు. భయం ఉంది కాబట్టి ముందు రోజు రాత్రి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాను. కొంచెం బరువుగా తిరిగినా స్టార్ట్ అయింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

పొద్దున్న 6:40కి కీ తిప్పితే టిక్ అని కూడా అనలేదు. డ్యాష్‌బోర్డ్ లైట్లు ఒకసారి మసకగా వెలిగి ఆరిపోయాయి. సెల్లార్ ర్యాంప్ పైకి ఉంది, తోసి స్టార్ట్ చెయ్యాలంటే ముందు బండిని పైకెక్కించాలి. నేను, నాన్న, వాచ్‌మన్ కలిసి ట్రై చేశాం, సగం ఎక్కి మళ్ళీ వెనక్కి జారింది. ఆ టైంలో మా వైపు క్యాబ్ దొరకడం కష్టం. దొరికిన ఇద్దరూ ఘట్‌కేసర్ అనగానే క్యాన్సిల్ చేశారు. చెల్లి హాల్ టికెట్ పట్టుకుని లిఫ్ట్ పక్కన నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. "అన్నా, ఏడూ ఇరవై అయింది" అని మాత్రం అంది. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినపడుతుంది.

చివరికి మూడో ఫ్లోర్ అంకుల్ నిద్రలేచి, లుంగీ మీదే కిందికొచ్చి, తన కారు తీశారు. 8:38కి గేటు దగ్గర దింపాం. లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం తింటూ చెప్పింది, మొదటి పావుగంట చేతులు వణుకుతూనే ఉన్నాయని. కరెంట్ ఎలక్ట్రిసిటీ చాప్టర్ నుంచి ప్రశ్నలొచ్చాయట. "నువ్వొచ్చి రాసుంటే గ్యారంటీగా తప్పు పెట్టేవాడివి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మూడు వందల రూపాయల బల్బు

ఆ ఆదివారం మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ని ఇంటికి పిలిచాను. యాభై దాటిన మనిషి. స్కానర్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. జేబులోంచి రెండు వైర్లు కట్టిన చిన్న టెస్ట్ బల్బు తీశాడు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్యలో ఆ బల్బు పెట్టాడు. తలుపులన్నీ వేసి, తాళం చెవిని ఇంట్లోకి పంపించి, సెల్లార్‌లో కూర్చుని ఛాయ్ తాగాం. అరగంట తర్వాత కూడా బల్బు మసకగా వెలుగుతూనే ఉంది.

"బండి పండుకున్నంక ఈ బల్బు వెలగొద్దు తమ్మీ," అన్నాడు. "లోపల ఎవడో మేల్కొనే ఉన్నడు. మూడు బ్యాటరీలు గాదు, ముప్పై మార్చినా గిదే కథ."

మూడు వందలు తీసుకున్నాడు. మూడు బ్యాటరీలకీ, రెండు సర్వీసులకీ పెట్టిన డబ్బు పక్కన పెడితే నా జీవితంలో అత్యంత సిగ్గుపడుతూ ఇచ్చిన మూడు వందలు అవే.

తర్వాత పని నేనే చేశాను. మల్టీమీటర్ కొన్నాను. మామూలుది, కాకపోతే 10 యాంప్స్ డీసీ కొలిచే సాకెట్ ఉన్నది. చవకగా దొరికే క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ కరెంటు మాత్రమే కొలుస్తాయి, ఈ పనికి పనికిరావు, చూసి కొనండి. మీటర్‌ని టెస్ట్ బల్బు పెట్టిన చోటే పెట్టాలి. డ్రైవర్ తలుపు తెరిచే ఉంచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కితే కారు తలుపు వేసి ఉందనుకుంటుంది, అప్పుడు లోపలి ఫ్యూజ్ బాక్స్ అందుతుంది. మొదట్లో రీడింగ్ 2 యాంప్స్ పైన చూపిస్తుంది, కంగారు పడకండి. లోపల కంప్యూటర్లు ఒక్కొక్కటీ నిద్రపోడానికి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఒక్కటే జాగ్రత్త. మీటర్ అలా ఉండగా కీ తిప్పకూడదు. మా నాన్న వచ్చి "ఇప్పుడేమన్నా స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తిప్పారు. మీటర్ ఫ్యూజ్ టప్‌మంది. దాంతో ఇంకో రోజు పోయింది.

40 నిమిషాల తర్వాత నా మీటర్‌లో కనపడిన అంకె 0.41 యాంప్స్. డ్యాష్‌క్యామ్‌ని తగిలించిన ఫ్యూజ్ పీకాను, 0.19కి పడింది. స్టీరియో ఫ్యూజ్ పీకాను, 0.06. ఓబీడీ ట్రాకర్ ఊడదీశాను, 0.02. చివర్లో మిగిలిన ఆ 20 మిల్లీయాంప్స్ మాత్రమే కారు సొంత ఖర్చు. అలారం, సెంట్రల్ లాక్ రిసీవర్, గడియారం, ఈసీయూ మెమరీ, అన్నీ కలిపి. మామూలుగా 50 మిల్లీయాంప్స్ లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నా కారు చాలా పొదుపైనది. మిగతా 390 నేను డబ్బులిచ్చి మరీ పెట్టించుకున్నది.

ఈ అంకెని మన భాషలోకి మారుద్దాం. 0.41 యాంప్స్ అంటే రోజుకి దాదాపు 10 యాంపియర్ అవర్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో ఉండే ఎనర్జీ సుమారు 19 వాట్ అవర్లు. నా బండి ఊరికే నిలబడి రోజుకి ఆరు ఫోన్లని సున్నా నుంచి ఫుల్ చేసినంత ఖర్చు పెడుతోంది. 35 ఏహెచ్ బ్యాటరీ నిజ జీవితంలో ఎప్పుడూ వంద శాతం నిండి ఉండదు, 28 ఉందనుకోండి. రెండు రోజులకి 20 పోతే మిగిలిన 8తో స్టార్టర్ మోటార్ తిరగదు. గురువారం రాత్రి, మంగళవారం పొద్దున. అమ్మ చెప్పిన మంగళవారం ఇదే.

మరి ముందు రోజు రాత్రి నేను ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో పెట్టానే, దాని సంగతి? ఐడిల్‌లో బ్యాటరీలోకి ఓ 10 యాంప్స్ వెళ్ళాయనుకున్నా, ఐదు నిమిషాలకి ఒక ఏహెచ్ కూడా రాదు. తెల్లారేలోపు ఆ మూడు దొంగలూ కలిసి మూడున్నరకి పైగా తాగేశారు. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి అని సలహా ఇచ్చేవాళ్ళందరికీ ఈ లెక్క చూపించండి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది, ఫోన్ అలవాటున్న మనకి అది తట్టదు. ఫోన్ లిథియం బ్యాటరీ రోజూ 20కి దిగి 100కి ఎక్కడానికే తయారైంది. కారు స్టార్టర్ బ్యాటరీ అలాంటిది కాదు. సన్నని సీసం ప్లేట్లు, ఒకట్రెండు సెకన్లు వందల యాంప్స్ ఇచ్చి వెంటనే మళ్ళీ నిండిపోవాలి, దాని ఉద్యోగం అంతే. ఖాళీగా రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత కెపాసిటీ రాదు. పైగా మన మే నెల ఎండలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని వేడి తినేసినంతగా ఇంకేదీ తినదు. నేను మూడింటిని అలా వారం వారం ఖాళీ చేసి చంపాను, కొన్నాళ్ళు కొన్నాళ్ళుగా. గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సంగతి ఇది, కొత్త టెక్నాలజీ ఏం కాదు, తెలియలేదని చెప్పుకోడానికి కూడా మొహం లేదు. బ్యాటరీల విషయంలో మన తెలుగు నేల మరీ వెనకబడిందేం కాదు కూడా. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్ళు దశాబ్దాలుగా తయారు చేస్తున్నారు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారు. తయారు చెయ్యడం వచ్చినంత బాగా వాడడం మనకి రాలేదు, ముఖ్యంగా నాకు.

ఎవరెవరు ఏం చేశారు

స్టీరియో సంగతి ముందు. ఆండ్రాయిడ్ స్టీరియోకి సాధారణంగా రెండు పవర్ వైర్లు ఉంటాయి. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వచ్చేది, ఎరుపుది కీ తిప్పితేనే వచ్చేది. ఎరుపు వైరు ఆగిపోతే సిస్టమ్ పడుకోవాలి. మా అబ్బాయి రెండూ కలిపి మెలేసి టేపు చుట్టాడు. పాపం, ఆ టేపు కూడా ఎండకి జిగురు కారి వదులైపోయింది. అంటే నా స్టీరియోకి కీ ఎప్పుడు తీశానో కూడా తెలీదు. స్క్రీన్ ఆరిపోయినా లోపల ప్రాసెసర్ మెలకువగానే ఉంది. ఫోన్లో ఒక యాప్ వేక్‌లాక్ పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో అచ్చం అదే. 2015లో ఆండ్రాయిడ్ 6లో గూగుల్ డోజ్ తెచ్చింది ఈ రోగానికే. అది వచ్చాక కూడా ఏ యాప్ రాత్రిపూట ఎంత తిన్నదో మనం సెట్టింగ్స్‌లో వెతికి మరీ పట్టుకుంటాం. అదే ఆండ్రాయిడ్‌ని కారులో పెట్టి, డోజ్‌కి దారే లేకుండా వైరు కలిపి, రెండు సెకన్లలో ఆన్ అయిందని మురిసిపోయాను.

డ్యాష్‌క్యామ్ హార్డ్‌వైర్ కిట్‌లో కటాఫ్ వోల్టేజ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. బ్యాటరీ ఆ వోల్టేజ్‌కి పడగానే కెమెరా ఆగిపోవాలి. నాది 11.8 దగ్గర పెట్టి ఉంది. 11.8 అని వినగానే 12కి దగ్గరేగా, బానే ఉంది అనిపిస్తుంది. అక్కడే మోసం. ఏ లోడూ లేకుండా విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఫుల్‌గా ఉంటే 12.6 చూపిస్తుంది, సగం ఉంటే 12.2, ఇక 11.8 అంటే దాదాపు ఖాళీ. ఇల్లంతా దోచాక తలుపు వేసే కాపలావాడన్నమాట. ఆ సెట్టింగ్ ఫ్యాక్టరీ నుంచి అలా వచ్చిందో, ఫిట్ చేసినవాళ్ళు ఎక్కువసేపు రికార్డ్ అవుతుందని పెట్టారో తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదు. రివ్యూ రాసిన నేను ఆ స్విచ్ వైపు కన్నెత్తి చూడలేదు, నాకు ఆ సంగతి చాలు.

ట్రాకర్ అన్నింటికంటే చిన్న దొంగ, కానీ దానికో తెలివి ఉంది. ఓబీడీ పోర్ట్‌లో 16వ పిన్‌కి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, కీతో సంబంధం లేదు. కొన్ని ట్రాకర్లు అది చాలక, కారు కంప్యూటర్లని అప్పుడప్పుడు ఏదో ఒకటి అడుగుతూ వాటిని కూడా నిద్రపోనివ్వవు. నాది అంత చెడ్డది కాదు, తన 40 మిల్లీయాంప్స్ తను తాగి ఊరుకుంది.

డ్యాష్‌క్యామ్ వద్దు, స్టీరియో వద్దు, కంపెనీ ఇచ్చినట్టు ఉంచుకోండి అనే వర్గం ఒకటుంది. వాళ్ళతో నేను ఏకీభవించను. ఎన్‌హెచ్ 44 మీద రాత్రిపూట లారీల మధ్య బండి నడిపేవాడికి డ్యాష్‌క్యామ్ షోకు వస్తువు కాదు. నా అభ్యంతరం వస్తువు మీద కాదు, అమ్మేటప్పుడు దాని ఆకలి ఎంతో చెప్పకపోవడం మీద. డబ్బా మీద 4కే అని ఉంటుంది, 170 డిగ్రీలు అని ఉంటుంది, కారు ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎన్ని మిల్లీయాంప్స్ అన్నది చాలా డబ్బాల మీద వెతికినా దొరకదు. యూరప్‌లో 2013 నుంచి ఇంట్లో వాడే టీవీల లాంటి ఎలక్ట్రానిక్ సామాన్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు సగం వాట్ మించి తినకూడదని నియమం పెట్టారు. సగం వాట్‌ని 12 వోల్టులతో భాగిస్తే 42 మిల్లీయాంప్స్. చూశారా, కారు మొత్తానికి మనం పెట్టుకునే 50 మిల్లీయాంప్స్ హద్దుకి ఎంత దగ్గరో. గోడకి వెనకాల పవర్ గ్రిడ్ మొత్తం ఉన్న టీవీకే అంత కట్టడి ఉంటే, వెనకాల ఒక్క 35 ఏహెచ్ డబ్బా మాత్రమే ఉన్న వస్తువుకి ఏ హద్దూ లేకపోవడం నాకు వింతగా ఉంది.

ఈవీ కొంటే ఈ గోల ఉండదు అనుకునేవాళ్ళకి ఒక మాట. ఈవీల్లో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. తలుపులు తెరవాలన్నా, కంప్యూటర్లు మేల్కొనాలన్నా, పెద్ద బ్యాటరీని సర్క్యూట్‌లోకి కలపాలన్నా అదే దిక్కు. 2024లో హ్యూందాయ్ అయోనిక్ 5 కార్లని మన దేశంలో కూడా రీకాల్ చేశారు, ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్‌లో లోపం వల్ల ఆ చిన్న బ్యాటరీ ఛార్జ్ అవ్వకపోవచ్చని. కింద ఎంత పెద్ద లిథియం ప్యాక్ ఉన్నా, పైన ఈ చిన్నది చస్తే కారు కదలదు.

ఇప్పుడు నా బండిలో ఏముందంటారా? స్టీరియో ఎరుపు వైరుని కీతో వచ్చే లైన్‌కి మార్పించాను. వైర్లు మెలెయ్యడం కాకుండా ఫ్యూజ్ ట్యాప్ పెట్టించి, జాయింట్లకి సోల్డర్ చేయించాను. బూట్ అవ్వడానికి 28 సెకన్లు పడుతుంది, ఆ టైంలో సీటు బెల్ట్ పెట్టుకుంటున్నాను. డ్యాష్‌క్యామ్ కటాఫ్ 12.4కి పెంచాను, టైమర్ 6 గంటలు. వీకెండ్‌కి అదీ తీసేస్తాను, సెల్లార్‌లో కెమెరాలు ఎలాగూ ఉన్నాయి. ట్రాకర్ డ్రాయర్‌లో ఉంది. నాలుగో బ్యాటరీ సొంత డబ్బుతో కొన్నాను. సోమవారం రాత్రి మీటర్ పెట్టి చూస్తే 12.5 చూపిస్తోంది. ఇంతకుముందు సోమవారాలు 11.9 కూడా ఉండేది కాదేమో, ఎవడు చూశాడు కనక.

జంప్ స్టార్టర్ పవర్ బ్యాంక్ కూడా కొన్నాను, దాని గురించి విడిగా రాయాలి. డబ్బా మీద 2000 యాంప్స్ పీక్ అని రాసి, ఆ పీక్ ఎన్ని సెకన్లో రాయని వ్యాపారం అది. కొన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, ఎండలో మూసి పెట్టిన కారులో 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది, ఆ లిథియం డబ్బాని డ్యాష్‌బోర్డ్ మీద వదిలి వెళ్ళకండి. ఇంటికి తెచ్చుకోండి. ఇంకో బండి నుంచి కేబుల్స్‌తో స్టార్ట్ చేసేటప్పుడు ఆఖరి నలుపు క్లిప్పుని చచ్చిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ ఇనుముకి తగిలించండి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ పడకూడదు.

ఇక ఇక్కడి నుంచి ఈ సైట్‌లో నేను రాసే కారు గ్యాడ్జెట్ రివ్యూల్లో ఒక లైన్ తప్పకుండా ఉంటుంది. కారు ఆఫ్ చేసిన 40 నిమిషాల తర్వాత ఎన్ని మిల్లీయాంప్స్, కటాఫ్ ఎంత దగ్గర, ఆ కటాఫ్ నిజంగా పనిచేసిందా లేదా. ఫిట్ చేసే షాపులకి కూడా ఇదే అడుగుతున్నాను. బిల్లు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క అంకె చేత్తో రాసివ్వండి చాలు. ఓ అరగంట ఆగాల్సి వస్తుంది, నిజమే. కస్టమర్‌కి ఛాయ్ ఇవ్వండి, ఆగుతాడు.

కండ్లకోయలో ఐటీ పార్క్‌కి 2022లో శంకుస్థాపన చేసినప్పుడు, ఆఫీసు అక్కడికే వచ్చేస్తే రోజూ రెండు కిలోమీటర్లే కదా అని సంబరపడ్డాను. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండి బ్యాటరీ అసలు ఎప్పటికి నిండుతుంది?

పాత డ్యాష్‌క్యామ్ రివ్యూని నిన్న సరిచేశాను. స్టాండ్‌బై 220 మిల్లీయాంప్స్, కటాఫ్ 11.8 అని పైన ఎర్ర అక్షరాలతో పెట్టి, 4 మార్కులని 3 చేశాను. చెల్లి అది చదివి "రెండున్నర వెయ్యాల్సింది" అంది.